పాఠం చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? కాలేజీ అధ్యాపకులకు ఆరు దారుల పోలిక

డిగ్రీ కాలేజీలోగానీ యూనివర్సిటీలోగానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, దానితోపాటు నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, లేకపోతే పీహెచ్‌డీ ఉండాలి. కొన్ని వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంటుంది. పాఠం చెప్పడంలో శిక్షణ పొందినట్టు చూపే డిగ్రీ మాత్రం ఎవరూ అడగరు. ప్రాథమిక పాఠశాలలో చెప్పేవారికి డీఎడ్, హైస్కూల్లో చెప్పేవారికి బీఈడీ, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష ఉన్నాయి. మనకు మాత్రం జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన మర్నాడే చేతిలో చాక్‌పీసు, ఎదురుగా అరవై మంది పిల్లలు.

ఈ లోటు తీర్చడానికే 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో మనవాళ్లు చాలామంది ఓరియెంటేషన్, రిఫ్రెషర్ అనే శిక్షణ కోర్సులు చేశారు. తర్వాత వాటిని హెచ్‌ఆర్‌డీసీలు (మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు) అన్నారు. 2023 నుంచి అవి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు. వాటి అవసరం వాటిది. అయితే ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ శిక్షణకు దక్కేవి కొన్ని వారాలే. మిగతా కాలమంతా నేర్చుకునేది స్టాఫ్ రూమ్‌లో, పరీక్ష పేపర్లు దిద్దే వాల్యుయేషన్ క్యాంపులో, ఫోన్‌లో, మన క్లాసులోనే. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వని ఈ చదువుకు వారానికి గంటో రెండు గంటలో మాత్రమే దొరుకుతాయి. ఆ కాస్త సమయాన్ని దేనికి ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్న లెక్చరర్ల కోసం ఈ పోలిక.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఇది నా క్లాసుకు ఎంత దగ్గర? బోధన గురించి వినేవాటిలో చాలావరకు నిజమే అయినా మన సెకండియర్ బీకాం సెక్షన్‌లో మంగళవారం మధ్యాహ్నం పీరియడ్‌కు అది పనికొస్తుందో లేదో తెలియదు. మీ పిల్లలు, మీ సిలబస్, మీ గది కళ్లెదుట ఉన్నప్పుడు నేర్చుకున్నదే నిలుస్తుంది. మిగతా ప్రమాణాలన్నీ నా దృష్టిలో దీని తర్వాతే.

రెండోది, మనం చేస్తున్నది ఎలా ఉందో తిరిగి చెప్పేవారు ఉన్నారా అన్నది. వీడియో చూస్తే అవతలివాళ్ల పాఠం మనకు కనిపిస్తుంది, మన పాఠం వాళ్లకు కనిపించదు.

మూడోది భయం. "ఈ యూనిట్ నాకే సరిగా రాదు" అని ఏ మొహమాటమూ లేకుండా చెప్పగలిగే చోటేనా? ప్రిన్సిపాల్, హెచ్‌వోడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) వింటున్నచోట ఆ మాట ఎవరూ అనరు. అనకపోతే నేర్చుకోవడం మొదలే కాదు.

నాలుగోది సమయం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటలు క్లాసులు. కాగితం మీద ఇది తక్కువగానే కనిపిస్తుంది. ఇంటర్నల్స్, అడ్మిషన్లు, నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ అన్నీ కలిపితే లీజర్ పీరియడ్ అన్నది టైమ్ టేబుల్లోనే మిగులుతుంది.

చివరిది ప్రమోషన్. ఇది లెక్కలోకి రాదని చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్‌కు సర్టిఫికెట్లు కావాలి. నా సలహా ఒక్కటే: సర్టిఫికెట్ కోసం చేసేదాన్నీ పాఠం బాగుపడటం కోసం చేసేదాన్నీ మనసులో వేరుగా పెట్టుకోండి. రెండూ ఒకేదానిలో దొరకాలని చూసేవాళ్లకు చివరికి సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుంది.

| దారి | పట్టే సమయం | మీ క్లాసుకు దగ్గరా | తిరిగి చెప్పేది ఎవరు | మొహమాటం, భయం | ప్రమోషన్‌కు |
|---|---|---|---|---|---|
| ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడం | నెలకు రెండు గంటలు | చాలా దగ్గర | తోటి లెక్చరర్ | మొదట ఎక్కువ, తర్వాత పోతుంది | రాదు |
| విద్యార్థుల చీటీలు | వారానికి అరగంట | చాలా దగ్గర | విద్యార్థులే | తక్కువ | రాదు |
| స్పాట్ వాల్యుయేషన్‌లో మాటలు | వేరే సమయం అక్కర్లేదు | దగ్గరే | అదే సబ్జెక్టు చెప్పేవాళ్లు | తక్కువ | రాదు |
| డిపార్ట్‌మెంట్ చదువు బృందం | పదిహేను రోజులకు గంట | ఎంచుకునే విషయాన్ని బట్టి | నలుగురైదుగురు | హెచ్‌వోడీని బట్టి | నేరుగా రాదు |
| వాట్సాప్ గ్రూపు | లెక్క తేలదు | దూరం | దాదాపు ఎవరూ లేరు | పెద్ద గ్రూపులో చాలా ఎక్కువ | రాదు |
| ఎన్‌పీటీఈఎల్, స్వయం (ఆన్‌లైన్ వీడియో కోర్సులు) | వారానికి మూడు నాలుగు గంటలు | దూరం | అసైన్‌మెంట్ మార్కులు | లేదు | వస్తుంది |

ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడం

ఒక్కటే చేయగలను, ఏది చేయమంటారు అని అడిగితే ఇదే చెబుతాను. చాలామంది దీనికే వెనకాడతారు కూడా. మన కాలేజీల్లో బయటివాళ్లు క్లాసులోకి వచ్చారంటే అకడమిక్ ఆడిట్ అనో ప్రిన్సిపాల్ రౌండ్ అనో అర్థం. తలుపు దగ్గర ఎవరైనా కనిపిస్తే గొంతు మారిపోతుంది. ఆ అలవాటును పక్కన పెట్టడానికి కొన్ని చిన్న కట్టుబాట్లు కావాలి.

జత కలిసేవారు సర్వీసులో సమానంగా ఉండాలి. ఇరవై ఏళ్ల సీనియర్ సార్ క్లాసులో కూర్చున్న కొత్త మేడమ్ "చాలా బాగుంది సార్" తప్ప ఇంకేమీ అనలేరు. అది ఆమె తప్పు కాదు. వేరే డిపార్ట్‌మెంట్ వారైతే ఇంకా మంచిది. ఎకనామిక్స్ చెప్పే ఆయన కెమిస్ట్రీ క్లాసులో కూర్చుంటే పాఠంలో తప్పులు వెతకలేరు, పిల్లల మొహాలే చూస్తారు. మీకు కావాల్సింది అదే.

వచ్చే ముందు ఒక్క ప్రశ్న చెప్పండి. "నేను ఎవరిని అడుగుతున్నానో చూడు", "బోర్డు వెనక బెంచీకి కనిపిస్తోందా చూడు", ఇంతే. ఫారం వద్దు, రేటింగ్ వద్దు. ఇరవై నిమిషాలు చాలు. అదే రోజు టీ దగ్గర మాట్లాడుకోవాలి, మరుసటి వారానికి వాయిదా వేస్తే ఇద్దరూ మరిచిపోతారు.

ఏం బయటపడుతుందో ఒక ఉదాహరణ. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త పాఠశాలల సైన్స్ క్లాసుల రికార్డింగులు పరిశీలించారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగి, మరొకరిని అడగడమో తామే చెప్పేయడమో చేస్తున్నారని గమనించారు. మూడు సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగినచోట జవాబులు పొడవుగా వచ్చాయి, మాట్లాడే పిల్లల సంఖ్యా పెరిగింది. మన క్లాసుల్లో మన ఆగడం ఎంతో మనకు తెలియదు. పాఠం చెబుతూ సెకన్లు లెక్కపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. వెనక బెంచీలో కూర్చున్న స్నేహితుడు వాచీ చూసి చెప్పగలడు. ముందు రెండు వరుసలే జవాబు చెబుతున్నాయని, గోడ వైపు కూర్చున్న అమ్మాయిలను గంటలో ఒక్కసారీ అడగలేదని కూడా అతనే చెప్పగలడు.

దీని బలహీనత ఒకటుంది. జత కుదరకపోతే ఇది అసలు నడవదు. ఒకరే వస్తూ ఇంకొకరు పిలవకపోతే రెండు నెలల్లో ఆగిపోతుంది. తేదీలు సెమిస్టర్ మొదట్లోనే, ఇద్దరి టైమ్ టేబుళ్లూ పక్కపక్కన పెట్టుకుని రాసుకోవాలి.

విద్యార్థుల చీటీలు

జత దొరకనివారికి ఇది దాదాపు అంత మేలు చేస్తుంది. క్లాసు చివరి మూడు నిమిషాల్లో అందరికీ చిన్న కాగితం ఇచ్చి, పేరు రాయకుండా రెండు సంగతులు రాయమనండి: ఈ రోజు అర్థమైనది ఒకటి, అర్థం కానిది ఒకటి. అరవై చీటీలు చదవడానికి ఇరవై నిమిషాలు పట్టదు.

ఇక్కడ మన రాష్ట్రాల పరిస్థితి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోనే అని నిర్ణయించారు. ఇంటర్ వరకు తెలుగులో చదివిన పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషులో వింటున్నారు. తెలంగాణ జిల్లా కాలేజీల్లోనూ ఇలాంటి పిల్లలు ఎందరో. వాళ్లు నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయగలరు. దాని అర్థం అడిగితే మౌనం. అందుకే చీటీ తెలుగులో రాయొచ్చని గట్టిగా చెప్పండి. మార్జినల్ కాస్ట్ అంటే ఏమిటో సొంత తెలుగులో రెండు వాక్యాలు రాయమంటే ఎవరికి వచ్చిందో, ఎవరికి కంఠస్థం మాత్రమే అయిందో ఆ సాయంత్రమే తేలిపోతుంది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయనకు విద్యార్థుల నుంచి మంచి రేటింగులే వచ్చేవి. 1990 ప్రాంతంలో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన హలూన్, హెస్టినీస్ ఇద్దరూ రాసింది చదివి, లెక్కలు లేకుండా భావనలనే పరీక్షించే ప్రశ్నలు తన క్లాసుకు ఇచ్చారు. మీరు నేర్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని విద్యార్థుల్లో ఒకరు ఆయనను అడిగారు. పెద్ద లెక్కలు చేయగల పిల్లలు బలం, చలనం మీద మామూలు ప్రశ్నల దగ్గర తడబడ్డారు. దాని నుంచే ఆయన తన క్లాసు తీరు మార్చి, పిల్లలు ఒకరికొకరు వివరించుకునే పద్ధతి తెచ్చారు. ఈ మార్పుకు మూలం ఆయన హాజరైన శిక్షణ కోర్సు ఏదీ కాదు. తన విద్యార్థుల జవాబులను ఆయన సీరియస్‌గా చదవడమే.

చీటీలతో ఒక జాగ్రత్త. మర్నాడు క్లాసు మొదట్లో "మీలో చాలామంది ఇది అర్థం కాలేదన్నారు" అని ఐదు నిమిషాలు దానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడోసారికి పిల్లలు అన్నీ అర్థమయ్యాయనే రాస్తారు.

స్పాట్ వాల్యుయేషన్

దీన్ని నేర్చుకునే చోటుగా ఎవరూ చూడరు. నాకు మాత్రం మన వ్యవస్థలో అనుకోకుండా దొరికిన గొప్ప అవకాశం అనిపిస్తుంది. పరీక్ష పేపర్లు దిద్దడానికి ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లు యూనివర్సిటీ పరిధిలోని ఊళ్లన్నిటి నుంచీ వచ్చి కొన్ని రోజులు ఒకే హాల్లో కూర్చుంటారు. మన సబ్జెక్టు వాళ్లు ఇంత మంది మళ్లీ ఎక్కడా ఒకచోట దొరకరు.

మొదటి రోజు స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ (దేనికి ఎన్ని మార్కులు వేయాలన్న పద్ధతి) మీద జరిగే చర్చ వదలకండి. ఈ ప్రశ్నకు బొమ్మ లేకపోతే ఎన్ని మార్కులు తగ్గించాలి అన్న వాదనలో, ఒక్కో లెక్చరర్ ఆ టాపిక్‌లో దేన్ని ప్రధానం అనుకుంటున్నారో బయటపడుతుంది. తర్వాత పేపర్లు దిద్దుతున్నప్పుడు ఒకే తప్పు వరసగా కట్టలకు కట్టలు వస్తుంటే అది పిల్లల నిర్లక్ష్యమని కొట్టేయొద్దు. ఏదో గైడ్‌లో అలా ఉంది, లేదా ఏదో క్లాసులో అలా డిక్టేట్ చేశారు, లేదా ఆ భావనే అక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఒక నోటుబుక్కులో తప్పు రకం మాత్రం రాసుకోండి. పేపర్లను ఫోటో తీయడం, నంబర్లు రాసుకోవడం నిబంధనలకు విరుద్ధం, అవసరమూ లేదు. భోజనాల దగ్గర "మీరు ఇది ఎలా చెబుతారు?" అని ఇద్దరిని అడిగితే వచ్చే ఏడాదికి రెండు కొత్త మార్గాలు చేతిలో ఉంటాయి.

ఆన్‌స్క్రీన్ వాల్యుయేషన్ వచ్చిన చోట ఎవరి కంప్యూటర్ ముందు వారు కూర్చోవడంతో ఈ మాటలు తగ్గిపోయాయి. అక్కడ పనిచేసేవారు సబ్జెక్టు మిత్రులు నలుగురితో టీ విరామంలోనైనా మాట కలపాలి.

డిపార్ట్‌మెంట్ చదువు బృందం

పదిహేను రోజులకోసారి కూర్చుని ఏదో ఒకటి చదివి మాట్లాడుకోవడం. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో, రీసెర్చ్ స్కాలర్లు ఉన్నచోట ఇది బాగా నడుస్తుంది. డిగ్రీ కాలేజీలో ఉత్సాహంగా మొదలై పరీక్షలు రాగానే ఆగిపోతుంది. నిలబడాలంటే చదివేది చిన్నదిగా, క్లాసుకు పనికొచ్చేదిగా ఉండాలి. ముప్ఫై పేజీల పరిశోధన వ్యాసం కంటే నిరుటి ప్రశ్నపత్రం మంచిది. ఇందులో ఏ ప్రశ్న ఆలోచన అడుగుతోంది, ఏది జ్ఞాపకం మాత్రమే అడుగుతోంది అని గంట మాట్లాడుకోండి. సిలబస్ తానే నిర్ణయించుకునే అటానమస్ కాలేజీ అయితే ఆ మాటలు బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా వెళ్లి సిలబస్‌నే మార్చగలవు. హెచ్‌వోడీ వచ్చి చివర్లో కూర్చుని వినే మనిషి అయితే ప్రయత్నించండి. ప్రతి మాటకూ తీర్పు చెప్పే మనిషి అయితే ఇంకో దారి చూసుకోవడం మేలు.

వాట్సాప్ గ్రూపులు

జీవోలు, యూనివర్సిటీ సర్క్యులర్లు, సెమినార్ నోటిఫికేషన్లు, పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు. వీటికి ఇంతకంటే వేగమైనది లేదు. పాఠం చెప్పడం నేర్చుకోవడానికి మాత్రం రెండు వందల మంది ఉన్న గ్రూపు దాదాపు పనికిరాదు. అందులో ఉన్నతాధికారులు ఉంటారు, మన ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోబోయే ప్రొఫెసర్లు ఉంటారు. అక్కడ సందేహం అడగడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? నలుగురైదుగురు కలిసి చిన్న గ్రూపు పెట్టుకుని, క్లాసు అయిన వెంటనే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపుకుంటే కథ మారుతుంది. రోజూ బస్సులోనో ప్యాసింజర్ రైల్లోనో అప్ అండ్ డౌన్ చేసే లెక్చరర్లు ఇదే పనిని ఎప్పటినుంచో ఎదురెదురు సీట్లలో చేస్తున్నారు.

ఎన్‌పీటీఈఎల్, స్వయం

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్, 2017లో వచ్చిన స్వయం సబ్జెక్టు బలపడటానికి నిజంగా గొప్ప వనరులు. పీజీలో మనం చదవని పేపర్ హఠాత్తుగా చెప్పాల్సి వస్తే ముందు వెళ్లాల్సింది ఇక్కడికే. చేరడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. ఎన్‌పీటీఈఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కుల లెక్క.

ప్రమోషన్ వైపు నుంచి చూస్తే, 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ వేతన లెవెల్ 10 నుంచి 11కు వెళ్లడానికి ఓరియెంటేషన్ కోర్సుతోపాటు చూపాల్సినవాటిలో ఈ-సర్టిఫికెట్ ఉన్న మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్) కోర్సు కూడా ఒక మార్గం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరే ముందు మీ కాలేజీ నాణ్యతా విభాగమైన ఐక్యూఏసీలో ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

అయితే ఒక సంగతి. ఆ వీడియోల్లో చెప్పే ప్రొఫెసర్ ఎదుట ఉన్న పిల్లలు వేరు, మీ ఎదుట ఉన్నవాళ్లు వేరు. విషయం అక్కడ నేర్చుకోండి, చెప్పే తీరు మీ క్లాసులో వెతుక్కోండి. పిల్లలకు వీడియో లింక్ పంపేసి పాఠం అయిపోయిందనుకోవడం ఈమధ్య పెరుగుతోంది. అది నాకు బాధగా ఉంది.

మీ పరిస్థితిని బట్టి

*కొత్తగా చేరినవారు.* మొదటి సెమిస్టర్లో ఒక సీనియర్ క్లాసులో వెనక కూర్చోనివ్వమని అడగండి. "మీ దగ్గర నేర్చుకుంటాను సార్" అంటే కాదనేవారు అరుదు. మీ క్లాసుకు ఎవరినైనా పిలవడం రెండో సెమిస్టర్ నుంచి పెట్టుకోవచ్చు. ఈలోగా చీటీలు సాగించండి. పీహెచ్‌డీ కూడా చేస్తుంటే ఇంతకు మించి పెట్టుకోవద్దు.

*గెస్ట్, కాంట్రాక్ట్ లెక్చరర్లు.* ఓడీ (శిక్షణకు వెళ్లిన రోజును డ్యూటీగా లెక్కించడం) దొరకదు, గంటల లెక్కన జీతమైతే శిక్షణకు వెళ్లిన రోజు కూలి పోతుంది. వచ్చే ఏడాది ఇదే కాలేజీలో ఉంటామో లేదో అన్న టెన్షన్ వేరే. మీకు తోటివారిని క్లాసుకు పిలవడం ప్రమాదంగా అనిపించడం సహజం. చీటీలు, మీలాంటివాళ్లే నలుగురున్న చిన్న గ్రూపు, ఒక స్వయం కోర్సు. ఈ మూడూ కాలేజీ మారినా మీతో వస్తాయి. రెగ్యులర్ పోస్టుల్లో ఉన్నవాళ్లు తమ జతల్లోకి, బృందాల్లోకి వీరిని పిలవాలి. చాలా కాలేజీల్లో క్లాసుల్లో పెద్ద భాగం మోస్తున్నది వీళ్లే.

*డిపార్ట్‌మెంట్‌లో ఒంటరివారు.* చిన్న ఊళ్ల కాలేజీల్లో స్టాటిస్టిక్స్‌కో ఫిలాసఫీకో ఒక్కరే ఉంటారు. సబ్జెక్టు మాటలకు స్పాట్ వాల్యుయేషన్ స్నేహాలే మీ ఆస్తి, ఆ ఫోన్ నంబర్లు వదులుకోకండి. క్లాసు పరిశీలనకు వేరే డిపార్ట్‌మెంట్ స్నేహితుడు చాలు.

*ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు.* బయోమెట్రిక్, రిజల్ట్ శాతం ఒత్తిడి, వేసవిలో అడ్మిషన్ డ్యూటీలు. మేనేజ్‌మెంట్‌కు కావాల్సిన సర్టిఫికెట్ ఎన్‌పీటీఈఎల్‌తో తెచ్చుకోండి. చాలా ఎన్‌పీటీఈఎల్ కోర్సులు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎఫ్‌డీపీ (అధ్యాపక శిక్షణ) లెక్కలోకీ వస్తాయి కాబట్టి ఆ గంటలు అక్కడే ఖర్చు చేసి, వేరే వర్క్‌షాపులకు పరుగులు తగ్గించుకోవచ్చు. మిగిలిన కాస్త సమయం ల్యాబ్‌లో కలిసి పనిచేసే వ్యక్తితో జతకు ఇవ్వండి. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి ప్రత్యేకంగా రావాల్సిన పని కూడా ఉండదు.

*ఇరవై ఏళ్లు దాటిన సీనియర్లు.* మీరు పిలిస్తేనే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. ముందు మీ క్లాసు తలుపు తెరవండి, వచ్చిన జూనియర్‌ను "పిల్లలు ఎక్కడ జారిపోయారు?" అని మాత్రమే అడగండి. "ఎలా ఉంది?" అని అడిగితే పొగడ్త తప్ప మీకు ఏమీ రాదు.

రికార్డులు అడిగితే

ఇలాంటి పని బాగా నడుస్తోందని తెలిసిన రోజున ఐక్యూఏసీ నుంచి కబురు వస్తుంది, నాక్‌కు చూపిద్దాం, ఒక ప్రొఫార్మా తయారు చేయండి అని. వాళ్ల అవసరం న్యాయమైనదే. ఎవరు, ఏ తేదీన, ఏ టాపిక్ క్లాసుకు వెళ్లారో ఆ మూడు గడులు నింపి ఇవ్వండి. క్లాసులో ఏం చూశారో, ఏం మాట్లాడుకున్నారో ఫైల్లోకి ఎక్కనివ్వకండి. విద్యార్థుల చీటీలు కూడా చదివాక చించేయండి. మీరు ఆ పని చేస్తున్నట్టు పిల్లలకు తెలిస్తే తర్వాతి చీటీలో ఇంకాస్త నిజం రాస్తారు.